1911 పిస్టల్ కొనేముందు, కొన్నాక: నాణ్యత, నమ్మకం, ధర మనమే తేల్చుకునే పద్ధతి

"అన్నా, టిసాస్ తీసుకోనా, కోల్ట్‌కే వెళ్ళనా?" డాలస్ చుట్టుపక్కల రేంజ్‌లలో (తుపాకీ పేల్చడం సాధన చేసే చోట్లు) మనవాళ్ళు ఎవరు కలిసినా ఇదే ప్రశ్న. రెండూ 1911 పిస్టల్ చేసే కంపెనీలే. నాలుగు ముక్కల్లో చెప్పి పంపిస్తే నెల తిరక్కుండా మళ్ళీ ఫోను: "అన్నా, జామ్ అవుతోంది, తూటా ఇరుక్కుంటోంది." అందుకే ఈసారి వరసగా మొత్తం రాసేస్తున్నాను.

ఒక్క సంగతి ముందే తెలియాలి. 1911 అంటే కంపెనీ పేరు కాదు, ఒక పాత పిస్టల్ డిజైన్, అది ఇప్పుడు ఎవరి సొత్తూ కాదు. ఫిలిప్పీన్స్, టర్కీ, అమెరికాల్లో ఎన్నో కంపెనీలు చేస్తున్నాయి. 400 డాలర్లకీ దొరుకుతుంది, 4,000కీ దొరుకుతుంది. 1911 భాగాలు ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చోవాలంటే చేతిపని కావాలి. ధర పెరిగేకొద్దీ మనం కొనేది ఎక్కువగా ఆ చేతిపనినే. అది మనిషి చేసే పని కాబట్టి ఒకే మోడల్‌లో, ఒకే వారం తయారైన రెండు పిస్టళ్ళు కూడా వేరువేరుగా ప్రవర్తిస్తాయి. కంపెనీ పేరు సగమే చెబుతుంది. మిగతా సగం కౌంటర్ దగ్గరా, రేంజ్‌లోనూ మీరే తేల్చుకోవాలి.

1. మీకు కొనే అర్హత ఉందా?

ఇది దాటవేసి కింది భాగానికి వెళ్ళొద్దు. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజ్‌లో అద్దెకు తీసుకుని పేల్చడం కూడా అందులోకే వస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. అయినా ఆ దారిన వెళ్ళేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఒక్క పొరపాటుతో గ్రీన్‌కార్డ్ ఆశ గల్లంతవుతుంది.

గ్రీన్‌కార్డ్ వచ్చినవాళ్ళు, పౌరసత్వం వచ్చినవాళ్ళు కొనవచ్చు.

- లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర చేతి తుపాకీ కొనాలంటే 21 ఏళ్ళు నిండాలి.
- మీరు ఉంటున్న రాష్ట్రంలోనే డెలివరీ తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో కొన్నా అది మీ ఊరి డీలర్ దగ్గరికే వస్తుంది.
- ఫారం 4473 నింపాలి, ఎఫ్‌బీఐ నేపథ్య తనిఖీ జరుగుతుంది. గ్రీన్‌కార్డ్ ఉంటే దాని నంబర్ కూడా రాయాలి.
- స్నేహితుడి డబ్బుతో స్నేహితుడి కోసం మీ పేరున కొనకూడదు. "అసలు కొనేది మీరేనా?" అని ఫారంలో సూటిగా అడుగుతారు. అబద్ధం రాస్తే అదే నేరం.

కాలిఫోర్నియా లాంటి చోట్ల షాపులో ఏ మోడల్ అమ్మాలో రాష్ట్రమే జాబితా పెడుతుంది. నచ్చిన మోడల్ అందులో ఉందో లేదో ముందే చూసుకోండి.

2. బడ్జెట్ పిస్టల్‌కి కాదు, మొత్తానికి వేయండి

మనవాళ్ళు చేసే మొదటి తప్పు ఇక్కడే. ఉన్న డబ్బంతా పిస్టల్ మీద పెట్టి, పెట్టెలో వచ్చిన ఒకే ఒక్క మ్యాగజైన్‌తో (తూటాలు నింపే డబ్బా), యాభై తూటాలతో రేంజ్‌కి వస్తారు. అంతదానితో ఆ పిస్టల్ మంచిదో కాదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

నేను వేసే లెక్క ఇలా ఉంటుంది: పిస్టల్ 450, మంచి మ్యాగజైన్లు మూడు 105, తూటాలు 300కి సుమారు 150. మొత్తం 705 డాలర్లు. వెయ్యి డాలర్ల పిస్టల్ కొని పరీక్షించకుండా బీరువాలో పెట్టేవాడి కంటే, ఈ 705 పెట్టినవాడికే తన పిస్టల్ గురించి ఎక్కువ తెలుసు.

.45 ఏసీపీ (1911కి మామూలుగా వాడే తూటా సైజు) ధర, సన్నటి 9ఎంఎం తూటాకి దాదాపు రెట్టింపు పడుతుంది. నెలకి 200 పేల్చే అలవాటుంటే ఏడాది తిరిగేసరికి తూటాల ఖర్చే పిస్టల్ ధరని దాటిపోతుంది. 9ఎంఎంలో కూడా 1911 వస్తుంది, వెనక్కి తన్నడం బాగా తక్కువ. అయితే తూటా పొట్టి కాబట్టి మ్యాగజైన్ నాణ్యత ఇంకా ముఖ్యం.

సైజు దగ్గర ఎక్కువ ఆలోచించకండి. మొదటిది 5 అంగుళాల బారెల్ ఉన్న గవర్నమెంట్ మోడలే తీసుకోండి. 4.25 అంగుళాల కమాండర్ కూడా ఫర్వాలేదు. 3.5 అంగుళాల ఆఫీసర్ సైజులో స్లైడ్ (పేల్చినప్పుడు కదిలే పై భాగం) వెనక్కి వెళ్ళి వచ్చే దూరం, సమయం రెండూ తగ్గుతాయి, తూటా ఎక్కడో ఒకచోట తడబడుతుంది. అది మొదటిసారి కొనేవాడి సరుకు కాదు.

3. ధరని బట్టి ఏం దొరుకుతుంది

ధరలు షాపుని బట్టి, సీజన్‌ని బట్టి మారతాయి. ఇవి ఉజ్జాయింపులే.

400 నుంచి 550 వరకు: ఫిలిప్పీన్స్‌లోని మరికినాలో ఆర్మ్‌స్కోర్ చేసే రాక్ ఐలాండ్, టర్కీలోని ట్రాబ్‌జోన్‌లో చేసే టిసాస్. రాక్ ఐలాండ్ ఫ్రేమ్ (పిడితో సహా కింది భాగం) పోత పోసినది. టిసాస్ ఫ్రేమ్, స్లైడ్ రెండూ ఫోర్జ్ చేసినవి, అంటే ఎర్రగా కాలిన ఉక్కుని అచ్చులో సమ్మెటతో మోది తీసినవి. పోత అనగానే మొహం తిప్పుకోనక్కర్లేదు. సరిగా పోసి, సరిగా గట్టిపరిచిన ఫ్రేమ్ మనం పేల్చే లెక్కకి అరిగిపోదు. ఈ ధరలో చూడాల్సింది లోపల మిగిలిపోయిన పదును అంచులు, ట్రిగ్గర్ గరగర.

650 నుంచి 1,000 వరకు: స్ప్రింగ్‌ఫీల్డ్ మిల్-స్పెక్, రూగర్ ఎస్ఆర్1911, కోల్ట్. రూగర్‌లో నాకు నచ్చేది ప్లంజర్ ట్యూబ్, అంటే సేఫ్టీ లీవర్‌ని పట్టి ఉంచే స్ప్రింగ్ ఉండే చిన్న గొట్టం. మిగతావాళ్ళలో చాలామంది దాన్ని విడిగా చేసి ఫ్రేమ్‌కి రివెట్ కొట్టినట్టు బిగిస్తారు. రూగర్‌లో అది ఫ్రేమ్‌లో భాగమే, వదులయ్యే ప్రసక్తే లేదు. కోల్ట్‌కి అమ్మకపు విలువ ఎక్కువ: పదేళ్ళ తర్వాత అమ్మినా పెట్టిన దాంట్లో మంచి భాగం వెనక్కి వస్తుంది. కోల్ట్ గుర్తయిన ఆ గుర్రం బొమ్మకి మనం ఇచ్చే అదనపు డబ్బుని ఖర్చనుకోకుండా డిపాజిట్ అనుకోవచ్చు.

1,700 పైన: డాన్ వెసన్. 3,000 దాటాక లెస్ బేర్, విల్సన్ కాంబాట్, నైట్‌హాక్. లెస్ బేర్ వాళ్ళు ప్రీమియర్ మోడల్‌కి 50 గజాల దగ్గర 3 అంగుళాల్లో గుళ్ళు పడతాయని హామీ ఇస్తారు. ఇంకొంత డబ్బు పెడితే ఒకటిన్నర అంగుళం. ఆ తేడా చూపించేంత గురి మనకుందా అన్నది మనల్ని మనం అడుక్కోవాల్సిన ప్రశ్న. నాకైతే లేదు.

1911లో సిరీస్ 70, సిరీస్ 80 అనే రెండు రకాల గొడవ గురించి కూడా అడుగుతుంటారు. సిరీస్ 80లో ట్రిగ్గర్ నొక్కితే తప్ప ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టి పేల్చే పిన్ను) ముందుకు రాకుండా ఆపే చిన్న ముక్క ఉంటుంది, పొరపాటున కింద పడినా పేలకుండా. సిరీస్ 70 పద్ధతిలో అది ఉండదు. స్ప్రింగ్‌ఫీల్డ్, రూగర్ ఆ ముక్క పెట్టకుండా తేలికైన టైటానియం పిన్ వాడతాయి. కింబర్‌ కంపెనీ చాలా మోడళ్ళకి గ్రిప్ సేఫ్టీతో (పిడి వెనక అరచెయ్యి నొక్కే మీట) పనిచేసే మరో పద్ధతి ఉంది. వాటి స్లైడ్‌ని తిరిగి బిగించేటప్పుడు గ్రిప్ సేఫ్టీని నొక్కి పట్టుకోకండి, లోపలి చిన్న పిన్ను దెబ్బతింటుంది.

4. కౌంటర్ దగ్గర పది నిమిషాలు

షాపువాడి అనుమతి ముందు అడగండి: "ట్రిగ్గర్ నొక్కి చూడొచ్చా? స్లైడ్ లాగొచ్చా?" మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, ఛాంబర్‌ని (బారెల్‌లో తూటా కూర్చునే చోటు) కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. మూతి ఎప్పుడూ మనుషుల వైపు ఉండకూడదు. ఖాళీ ఛాంబర్ మీద స్లైడ్‌ని ధన్‌మని వదలొద్దు. చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకి దించండి. 1911 తెలిసినవాడా కాదా అన్నది కౌంటర్ వెనకాయన ఈ ఒక్క పనితోనే కనిపెట్టేస్తాడు.

ఇక వరసగా:

- స్లైడ్ మూసి ఉండగా, పైన కిటికీలోంచి కనిపించే బారెల్ వెనక భాగాన్ని బొటనవేలితో గట్టిగా కిందికి నొక్కండి. కదలకూడదు. స్ప్రింగులా దిగి లేస్తే బారెల్ సరిగా లాక్ కావడం లేదని అర్థం.
- బారెల్ మూతిని రెండు వేళ్ళతో పట్టి అటూ ఇటూ ఊపి చూడండి. దాని చుట్టూ ఉన్న బుషింగ్ అనే ఉంగరంలో లొడలొడలాడకూడదు.
- స్లైడ్‌ని ఫ్రేమ్ మీద ఊపండి. ఇది కొంచెం ఊగినా కంగారు పడొద్దు. గురి బారెల్ లాక్ మీద ఆధారపడుతుంది, ఈ చప్పుడు మీద కాదు. పిస్టల్‌ని చెవి దగ్గర గిలకలా ఊపి "లూజుగా ఉంది" అనేవాళ్ళ మాట పట్టించుకోకండి.
- స్లైడ్‌ని వెనక్కి లాక్ చేసి తూటా ఎక్కే దారి చూడండి. ఫ్రేమ్ ర్యాంప్‌కీ (తూటా పైకి జారే వాలు) బారెల్ ర్యాంప్‌కీ మధ్య సన్నటి సందు, అంగుళంలో 32వ వంతు, ఉండాలి. బారెల్ అంచు ఫ్రేమ్ మీదికి చొచ్చుకొచ్చి ఉంటే తూటా ముక్కు అక్కడే తగులుతుంది.
- ఎడమవైపు గ్రిప్ పైనున్న ప్లంజర్ ట్యూబ్‌ని గోటితో లాగి చూడండి. కదిలితే వద్దు. అది వదులైతే సేఫ్టీ లీవర్ ఇరుక్కుపోవచ్చు.
- ఖాళీ మ్యాగజైన్ బటన్ నొక్కగానే జారి పడాలి. ఖాళీది పెట్టి స్లైడ్ లాగితే వెనక్కి లాక్ కావాలి.
- స్లైడ్ స్టాప్ (స్లైడ్‌ని వెనక్కి లాక్ చేసే మీట) కింద ఫ్రేమ్ మీద అర్ధచంద్రాకారంలో గీత ఉందా? పాతది కొంటే చూడండి. ఎవరో విప్పి, స్లైడ్ స్టాప్‌ని తిరిగి పెట్టేటప్పుడు జార్చిన గుర్తు అది. అమెరికాలో దాన్ని మూర్ఖుడి గీత అంటారు. పనితీరుకి నష్టం లేదు, బేరానికి పనికొస్తుంది. నా మొదటి పిస్టల్ మీద అది నా చేతి రాతే.

సేఫ్టీ పరీక్షలు, పిస్టల్ ఖాళీగా ఉండగా:

- హ్యామర్ (వెనక కనిపించే సుత్తి) ఎక్కించి, సేఫ్టీ పైకి వేసి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలండి. సేఫ్టీ దించండి. హ్యామర్ పడకూడదు. ఇప్పుడు హ్యామర్‌ని వెనక్కి కాస్త లాగుతూ చెవి పెట్టి వినండి. చిన్న 'టిక్' వినిపించిందంటే లోపల సియర్ (హ్యామర్‌ని ఆపి పట్టే ముక్క) కొంచెం జారింది, సేఫ్టీ సరిగా పట్టడం లేదు.
- అరచెయ్యి గ్రిప్ సేఫ్టీకి తగలకుండా పట్టుకుని ట్రిగ్గర్ నొక్కండి. పడకూడదు.
- స్లైడ్‌ని పావు అంగుళం వెనక్కి పట్టుకుని నొక్కండి. పడకూడదు.
- ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని ఉండగానే స్లైడ్ లాగి మెల్లగా ముందుకి వదలండి. హ్యామర్ ఎక్కే ఉండాలి. ట్రిగ్గర్ వదిలి మళ్ళీ నొక్కితేనే పడాలి.

వీటిలో ఒక్కటి తప్పినా ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోకండి.

5. మొదటిసారి పేల్చేముందు

పెట్టెలోంచి తీసి నేరుగా రేంజ్‌కి తీసుకెళ్ళొద్దు. కొత్త పిస్టల్ మీద ఉండేది చాలాసార్లు తుప్పు పట్టకుండా రాసిన చిక్కటి నూనె. విప్పి, తుడిచి, మంచి గన్ ఆయిల్ వేయండి. ఎక్కడెక్కడ? స్లైడ్ పట్టాలు రెండు వైపులా, బారెల్ మూతి దగ్గర చుట్టూ, బారెల్ పైన లాక్ అయ్యే గాళ్ళు, బారెల్ వెనక భాగం. 1911 నూనె తాగే బండి. పొడిగా ఉంటే మొరాయిస్తుంది.

విప్పినప్పుడే ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ గుల్లని బయటికి లాగే భాగం) చూసుకోండి. పాతకాలపు డిజైన్‌లో ఇది స్లైడ్ లోపల ఉండే పొడవాటి ఉక్కు కమ్మీ, తన వంపే తనకి స్ప్రింగ్. స్లైడ్‌ని ఫ్రేమ్ నుంచి తీసి, బారెల్ కూడా తీసేయండి. ఒక డమ్మీ తూటా అంచుని దాని కొక్కెం కిందికి జార్చండి. అసలు తూటాతో ఈ పని చేయొద్దు. తూటా అక్కడే వేలాడుతూ నిలవాలి. స్లైడ్‌ని మెల్లగా ఊపినా పడిపోకూడదు. అలాగని దాన్ని జార్చడానికి బొటనవేలు నొప్పి పుట్టేంత బిగువూ ఉండకూడదు. పడిపోతే వదులు, తోయడం కష్టమైతే బిగువు. రెంటినీ వంచి సరిచేయొచ్చు గానీ ఆ పని గన్‌స్మిత్‌కి, అంటే తుపాకులు బాగుచేసేవాడికి, వదిలేయండి. స్మిత్ అండ్ వెసన్, సిగ్ లాంటివి బయటికి కనిపించే ఎక్స్‌ట్రాక్టర్ పెడతాయి, వాటికి ఈ తలనొప్పి తక్కువ.

6. రేంజ్‌లో 300 తూటాల పరీక్ష

మూడు మ్యాగజైన్ల అడుగున మార్కర్‌తో 1, 2, 3 అని రాయండి. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ప్రతి జామ్‌కీ మూడు సంగతులు రాయాలి: ఎన్నో తూటా, ఏ మ్యాగజైన్, ఎలా ఇరుక్కుంది. ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది.

- మొదటి 200: 230 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) గుండ్రటి ముక్కు తూటాలు. ఈ డిజైన్ పుట్టిందే వాటి కోసం.
- మొదటి వందలో ఒకటి రెండు జామ్‌లు వస్తే క్షమించండి. కొత్త లోహం రాపిడి అది. నూనె మళ్ళీ వేయండి.
- చివరి 100: ఇంటి రక్షణకి వాడబోయే బోలు ముక్కు తూటాలు, కనీసం సగమైనా. ఖరీదే. కానీ ఏ పిస్టల్ ఏది మింగుతుందో తెలిసేది దీంతోనే.
- చివరి రెండు వందల్లో జామ్ సున్నా ఉండాలి. ఒకటి వచ్చినా, కారణం తేలి పోయాక ఇంకో వంద పేల్చి చూడండి.

నాకు ఒక పిస్టల్ ప్రతి పదిహేను తూటాలకోసారి ఇరుక్కునేది. కంపెనీకి పంపాను, మూడు వారాల తర్వాత "లోపం లేదు" అని తిరిగొచ్చింది. మళ్ళీ అదే గోల. వాళ్ళని తిట్టుకుంటూ నోట్‌బుక్ తిరగేస్తే జామ్‌లన్నీ 2 నంబర్ మ్యాగజైన్‌వే. గన్ షోలో బేరమాడి తెచ్చిన పది డాలర్ల సరుకు. చెత్తబుట్టలో వేశాక ఆ పిస్టల్ మళ్ళీ నోరెత్తలేదు.

7. జామ్ చూసి జబ్బు చెప్పడం

ముందుగా, మూతి టార్గెట్ వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ బయట పెట్టి, అప్పుడు చూడండి.

తూటా ముక్కు కిందికి వంగి ర్యాంప్‌కి గుద్దుకుంది: మ్యాగజైన్ స్ప్రింగ్ బలహీనం, లేదా తూటాని పట్టి ఉంచే దాని పై అంచులు (పెదాలు) వంకర. మ్యాగజైన్ మార్చండి. పిస్టల్‌ని ముట్టుకోకండి.

తూటా సగం ఛాంబర్‌లోకి వెళ్ళి ఏటవాలుగా ఆగింది: ఎక్స్‌ట్రాక్టర్ బిగువు ఎక్కువ, లేదా నూనె లేదు.

ఖాళీ గుల్ల పొగగొట్టంలా నిలబడింది: మణికట్టు వదులుగా పట్టుకోవడం, ఎక్స్‌ట్రాక్టర్ వదులు. ముందు ఇంకొకరి చేత పేల్చించి చూడండి.

గుల్లలు నేరుగా మీ నుదుటికి తగులుతున్నాయి: ఎక్స్‌ట్రాక్టర్ వదులు. కళ్ళజోడు లేకుండా ఎందుకు పేల్చకూడదో కూడా ఇదే చెబుతుంది.

స్లైడ్ చివరి కొంచెం మూసుకోలేదు: మురికి, లేదా స్లైడ్‌ని ముందుకి తోసే రీకాయిల్ స్ప్రింగ్ నీరసించడం. 5 అంగుళాల .45కి మామూలు బరువు 16 పౌండ్లు. రెండు మూడు వేల తూటాలకోసారి మార్చేయండి, పెద్ద ఖర్చేం కాదు.

తూటాలు ఉండగానే స్లైడ్ వెనక లాక్ అయింది: చాలాసార్లు మీ బొటనవేలే స్లైడ్ స్టాప్‌ని ఎత్తుతోంది. పట్టు మార్చి చూడండి.

హ్యామర్ తనంతట తాను స్లైడ్ వెంట పడిపోయింది, లేదా ఒక్క నొక్కుకి రెండు పేలాయి: ఆ క్షణమే ఆపేయండి. మ్యాగజైన్ తీసి, ఖాళీ చేసి, పెట్టెలో పెట్టి గన్‌స్మిత్ దగ్గరికి. వీడియో చూసి సియర్ అరగదీయడం లాంటి పనులు వంటింటి బల్ల మీద చేయొద్దు.

మనం చేజేతులా చెడగొట్టే పని ఇంకోటి ఉంది: తూటాని చేత్తో ఛాంబర్‌లో వేసి దాని మీద స్లైడ్ వదలడం. 1911లో తూటా మ్యాగజైన్ నుంచి ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కిందికి జారుతూ ఎక్కాలి. పైనుంచి గుద్దితే కొక్కెం విరగొచ్చు, వంపు పోవచ్చు.

8. రెండిటి మధ్య తేల్చుకోలేకపోతే

రెండూ అద్దెకి దొరికే రేంజ్‌కి వెళ్ళి ఒక్కోదాంతో 50 పేల్చండి. తర్వాత ఈ నాలుగు గళ్ళు నింపండి: కౌంటర్ పరీక్షల్లో ఎన్ని పాస్, జామ్‌లు ఎన్ని, 15 గజాల దగ్గర ఐదు గుళ్ళు ఎంత వెడల్పులో పడ్డాయి, మ్యాగజైన్లు తూటాలతో కలిపి మొత్తం ఖర్చు ఎంత. జామ్‌ల గడిలో తేడా ఉంటే మిగతా మూడూ చూడనక్కర్లేదు. అక్కడ సమానమైతే ధర తక్కువదే తీసుకోండి, మిగిలింది తూటాలకి. కంపెనీ సర్వీసు ఎలా ఉందో, రానూపోనూ కొరియర్ ఖర్చు ఎవరిదో ముందే ఫోన్ చేసి అడగండి.

9. ఇంటికి తెచ్చాక

టెక్సస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లలకి అందేలా తూటాలు నింపిన తుపాకీ వదిలేసి, అది వాళ్ళ చేతికి చిక్కితే నేరం. తాళం ఉన్న పెట్టె బడ్జెట్‌లోనే కలపండి. రేంజ్ నుంచి వచ్చాక అన్నానికి కూర్చునేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి, సీసం పొడి అంటుకుని ఉంటుంది.

ఇంకొకటి, ఇది మనవాళ్ళకే ప్రత్యేకం. రేంజ్ బ్యాగునీ ఇండియా ప్రయాణం బ్యాగునీ ఎప్పుడూ ఒకటి చేయొద్దు. ఇండియాలో .45, 9ఎంఎం రెండూ నిషిద్ధ బోర్ (తుపాకీ గొట్టం సైజు). జిప్పు అరలో మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనబడితే చాలు, ఆయుధాల చట్టం కింద కేసు, చేతిలో రిటర్న్ టికెట్ ఉండగానే స్టేషన్ చుట్టూ తిరుగుడు. బ్యాగు కొత్తది కొనండి, పాతదాని అరలన్నీ తిరగేసి దులపండి.